పంపు గదిలో నా గొంతు

దయ్యాన్ని చూపిస్తాం రమ్మని నన్ను చాలా ఊళ్లు పిలిచాయి. వెళ్లిన ప్రతిచోటా గబ్బిలాలో, రేకు సందులో గాలో, ఇల్లు ఖాళీ చేయించాలని చూస్తున్న దాయాదులో దొరికారు. జీతం లేకపోయినా, ముప్పై ఏళ్లుగా ఇదే నా పని. దయ్యం నా వ్యాసాన్నే నాకు అప్పజెపుతోందని పిలిచింది మాత్రం తెల్లాపూర్ ఒక్కటే.

ఫోన్ చేసిన కుర్రవాడి పేరు ప్రతాప్. ఊరు ప్రొద్దుటూరు, ఉద్యోగం హైటెక్ సిటీలో, కాపురం ఒంటరిగా తెల్లాపూర్‌లో పదకొండో అంతస్తులో.

"సార్, మా వంటింటి వెనకాల పైపులు పొయ్యే షాఫ్ట్ ఉండాది. మధ్యాన్నం రెండింటికి దాంట్లో ఇద్దరు మొగోళ్లు వాదులాడుకుంటాండారు. కింద యాడా ఇద్దరు లేరు. ఒక మాట పట్టుకొని నెట్‌లో వెతికినా. మీ వ్యాసం వచ్చింది."

"ఏ మాటండి?"

"'కాకి బస్సు దిగి వస్తుందనుకున్నాడు కాబోలు.'"

ఆ వాక్యం నాదే. తొమ్మిదేళ్ల కిందట రాశాను. ఎవరి మీద రాశానో ప్రతాప్‌కి చెప్పలేదు. బాపట్లలో రైలెక్కాను.

లింగంపల్లి

తెల్లవారి దిగాను. స్టేషన్ బయట ఆటో అతనిది నారాయణపేట వైపు. కొత్తగూడ దాకా తీసుకెళ్తూ దారి పొడుగునా మాట్లాడాడు. ఈ ప్రయాణంలో అడక్కుండా మాట్లాడిన మొదటి మనిషీ, దాదాపు చివరి మనిషీ అతనే.

"ఇంతకుముందు గీ పట్నం జూసిన్రా సార్?"

"బాలానగర్‌లో పద్దెనిమిదేళ్లు ఉన్నానండి. లేతు మిషన్ల షెడ్డులో స్టోర్ క్లర్కుని."

"అబ్బో! గప్పుడు గిదంత రాళ్లు గుట్టలే గదా. గిప్పుడు జూడుండ్రి, రాళ్లు వోయి అద్దాలొచ్చినయ్. మనిషి మనిషికి మాత్రం కనవడడు."

అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే బాలానగర్ అన్న మాటతో పాటు మల్లేశం వచ్చి ఆటోలో నా పక్కన కూర్చున్నాడు. దయ్యమై కాదు, జ్ఞాపకమై. ఈ తేడా విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను.

మల్లేశం ఆ షెడ్డులో లేతు మీద ఇనుము చెక్కే టర్నర్. సిద్దిపేట పక్క పల్లె. వారానికొక రోజు ఫ్యాక్టరీలకు కరెంటు ఆపేసేవారు. లేతులు ఆగిన ఆ మధ్యాహ్నం, రెండు గంటలకు, షెడ్డులో చర్చ మొదలయ్యేది. దేవుడు, కులం, పెళ్లి, యూనియన్, ఏదైనా సరే. పెద్దమేస్త్రీ పెట్టిన నియమం ఒక్కటే. దాన్ని ఆయన పూర్వపక్షం అనేవాడు. ఎదుటివాడిని ఖండించే ముందు వాడి వాదాన్ని "నేను" అంటూ, వాడి యాసలోనే, నువ్వు చెప్పాలి. వాడు "అదే నా మాట" అన్నాకే నీకు నోరు తెరిచే హక్కు. మల్లేశం నా కోస్తా అండీలతో, నా దగ్గుతో, రుజువు అడిగేటప్పుడు బల్ల మీద మూడుసార్లు కొట్టే నా అలవాటుతో సహా నన్ను చెప్పేవాడు. షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వేది. నన్ను నేను చెప్పుకున్న దానికంటే అతను చెప్పిందే బాగుండేది.

నేను రిటైరై బాపట్ల వెళ్లిపోయాక అతని భార్య సత్తెమ్మ చనిపోయింది. పదో రోజుకి హైదరాబాద్ వచ్చాను. కర్మలకు వెళ్లకూడదన్నది యవ్వనంలోనే నేను పెట్టుకున్న నియమం. అందుకని రోడ్డుకి ఇవతల టీ కొట్లో కూర్చుని చూశాను. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో, గుండు చేయించుకున్న మల్లేశం, గోడ మీద అన్నం ముద్ద పెట్టి నిలబడ్డాడు. కాకి రాలేదు. అతను గోడ వైపు కాకుండా రోడ్డు వైపు, బస్టాపు వైపు చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పద్దెనిమిదేళ్లు నాతో వాదించిన హేతువాది కాకికి అన్నం పెట్టడమా! పలకరించకుండానే రైలెక్కి, ఇంటికొచ్చి వ్యాసం రాశాను. అందులో అతని పేరు పెట్టలేదు. అవసరం లేకపోయింది. ఆ తర్వాత అతని నుంచి ఒక్క మాట లేదు. షెడ్డు మూతపడిందని మాత్రం ఎవరో చెప్పారు.

కొత్తగూడ, ఆపైన హైటెక్ సిటీ

కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ఇడ్లీ తిన్నాను. మా బాపట్లలో ఇడ్లీతో అల్లం పచ్చడి రావాలంటే అడగాలి. ఇక్కడ అడక్కుండానే నాలుగు రకాలు వేస్తారు, ధర కూడా నాలుగింతలు. బల్లకి నలుగురం కూర్చున్నాం. మిగతా ముగ్గురూ చెవుల్లో తెల్ల ముక్కలు పెట్టుకుని, నా తలకు కాస్త పైన గాలిలోకి చూస్తూ, ఎవరితోనో మాట్లాడుతున్నారు. సాంబారు ఇటు జరపమని ఒకతన్ని అడిగాను. నన్ను చూడకుండానే జరిపాడు.

ఆ రోజు ప్రతాప్‌కి ఆఫీసు ఉంది. ఒంటి గంటకు వస్తానన్నాడు. అంతదాకా అద్దాల భవనాల మధ్య ఒక టీ బండి దగ్గర నిలబడ్డాను. ఎండ పైనుంచి ఒకసారి, అద్దాల మీంచి మూడుసార్లు పడుతోంది. ప్రతి మనిషికీ నాలుగు నీడలు. ముప్పై నలభై మంది మగవాళ్లు, మెడలో కార్డులు, చేతిలో కాగితం కప్పులు. అందరి పెదాలూ కదులుతున్నాయి. ఎవరూ ఎవరి వైపూ చూడటం లేదు. ఒకడు నవ్వుతాడు, పక్కవాడికి తెలియదు. ఒకడు "అవునవును, నాకర్థమైంది" అని తలూపుతాడు, ఎదురుగా గోడ ఉంటుంది. మా ఊళ్లో నడిరోడ్డు మీద ఒంటరిగా మాట్లాడుతూ పోతే సాయంత్రానికల్లా తాయెత్తు కడతారు. ఇక్కడ అలా మాట్లాడనివాణ్ణి నేనొక్కణ్ణే. టీ బండి అతను నన్ను అనుమానంగా చూశాడు.

ప్రతాప్ వచ్చాడు. పలచటి మనిషి, ముప్పై దాటాయి, కళ్ల కింద నలుపు. చాలా మర్యాదస్తుడు.

"ఆఫీసులో మీ స్నేహితులెవరండి?" అని అడిగాను.

"మా టీంలో పద్నాలుగు మంది ఉండారు సార్."

"అది కాదు. స్నేహితులు."

కొంచెం ఆలోచించాడు. "కాల్‌లో బాగానే మాట్లాడతారు సార్."

తెల్లాపూర్ గేటు

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనది మెదక్. ఫోన్‌లో ఏవో గడులు నింపాలి.

"ఏం పనికొచ్చిన్రు సార్?"

"దయ్యాన్ని చూడ్డానికండి."

ఆయన కింద నుంచి పైదాకా గడులన్నీ వెతికాడు. "గా ఆప్షన్ లేదు సార్. గెస్టు, డెలివరీ, రిపేరు, పనిమనిషి. ఏది గొట్టమంటరు?"

"రిపేరు కొట్టండి."

ఆ పొరపాటుకి ఆ సాయంత్రమంతా వెల కట్టాను. ఏ తలుపు దగ్గర నిలబడినా లిఫ్టు బాగుచేసేవాణ్ణని వెనక లిఫ్టు వైపు చూపించారు.

లోపల ఐదు టవర్లు. రంగవల్లుల బదులు పచ్చికకి నీళ్లు చల్లే యంత్రాలు తలలు తిప్పుతున్నాయి. కొత్త కార్ల టైర్ల కింద నలిగిన నిమ్మకాయలు. ప్రపంచంలోని కంప్యూటర్లను సరిచేసేవాళ్లు ఈ నిమ్మకాయల మీదుగానే పనికి బయల్దేరుతున్నారని నేను అక్కడే ఒకాయనతో గట్టిగా అన్నాను. ఆయన చెవిలో తెల్ల ముక్క ఉంది. "యా, యా" అన్నాడు.

అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుణ్ణి లిఫ్టు ముందే కలిశాం. ప్లాట్ల వ్యాపారం, పెద్ద గొంతు, చల్లటి చెయ్యి.

"శుక్రవారం మీటింగ్ ఉందండి. దయ్యమని మీరు తేలిస్తే హోమం చేయిస్తాం, పంతులుగారికి చెప్పి ఉంచాను. దయ్యం కాదంటే మరి కింద పంపు ఆపరేటరు ఎవణ్ణో లోపల పెట్టుకుంటున్నాడన్న మాట. అడిగితే ఒక్కణ్ణే అంటాడు. ఒక్కడే రెండు గొంతులతో మాట్లాడుతున్నాడంటే పిచ్చివాడు. ఏదైనా సరే, తీసేస్తాం. పిల్లలున్న చోటండి."

దయ్యమైతే హోమం, మనిషైతే ఉద్యోగం ఊడటం. నా జీవితంలో దయ్యాలన్నీ మనుషులుగానే తేలాయి. అప్పటిదాకా ఆ విషయం నాకు గర్వంగానే ఉండేది.

పదకొండో అంతస్తు

మర్నాడు గురువారం. ప్రతాప్ ఇంట్లో ఒక కుర్చీ, ఒక కంచం, మూడు తెరలు. అన్నం, ఎర్రగారం, పప్పు తానే వండాడు. బావుంది. రెండింటికి ఐదు నిమిషాలుండగా వంటింటి వెనక తలుపు తీశాడు. పైపుల సందులో గాలి కొద్దిగా పైకి వస్తోంది, చెమ్మ వాసనతో. అపార్ట్‌మెంట్ అంతా నిశ్శబ్దం. ఐదు టవర్లలో ఇన్ని వందల మంది ఉండి ఒక్క మనిషి చప్పుడు లేదు.

ముందు దగ్గు వినిపించింది. నా దగ్గు.

నేను దగ్గలేదు.

తర్వాత ఇనుము మీద మూడు దెబ్బలు. "అయ్యా, రుజువు చూపండి. రుజువు చూపకుండా ఏడవడం ఎవరైనా ఏడుస్తారండి. మా మిత్రుడు గోడ వైపు కూడా చూడలేదు, రోడ్డు వైపు చూశాడు. కాకి బస్సు దిగి వస్తుందనుకున్నాడు కాబోలు."

మా ఇంటి కిటికీ దగ్గర నేను రాసుకున్న ఎగతాళి, నా గొంతుతో, పదకొండు అంతస్తుల కింద నుంచి, ఏ ఆవేశమూ లేకుండా వచ్చింది. రాసినప్పుడు దాన్ని నేను పైకి చదువుకోలేదు. చదివి ఉంటే కొట్టేసేవాణ్ణేమో.

ప్రతాప్ నా మొహం చూసి కుర్చీ తెచ్చాడు.

"భయమైతాందా సార్?"

"ఆ గొంతు నాదే" అన్నాను. "లిఫ్టు ఎటు?"

భూమి కింద మూడో అంతస్తు

కార్ల మధ్య నుంచి నడిచాను. నేను అడుగేసిన చోట లైటు వెలుగుతుంది, దాటగానే ఆరిపోతుంది. చివర ఇనుప తలుపు, లోపల మూడు పంపులు. వాటి ముందు ఇనుప స్టూలు మీద, నాకు వీపు పెట్టి ఒక ముసలాయన. ఆయనకెదురుగా ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ. ఆ గది నిండా గ్రీజు, దుమ్ము. కుర్చీ మీద దుమ్ము లేదు. దాని ముందు తలకిందులు చేసిన డబ్బా మీద గ్లాసు నిండా టీ. వేడిగా ఉంది.

"మల్లేశం" అన్నాను.

అతను తిరగలేదు. "దినాం వస్తవ్ గదా. ఇయ్యాల తలుపుకెళ్లి వచ్చినవేంది?"

నా చేతుల మీద రోమాలు లేచాయి. దానికి కారణం చెప్పగలను: భూమి కింద చల్లదనం, తిన్న కారం, వయసు. అయినా లేచాయి.

"నేను నిజంగా వచ్చానోయ్."

అప్పుడు తిరిగాడు. చేతిలో గుడ్డ కింద పడింది. చాలాసేపు నన్ను, ఆ కుర్చీని మార్చి మార్చి చూశాడు.

"ముసలోనివైనవ్ బాపట్లా" అన్నాడు. షెడ్డులో అందర్నీ ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం. "గా కుర్చీల కూసునేటోడు నీకంటె జర పడుసుగున్నడు."

నేను కూర్చున్నాను. ఇంకెక్కడ కూర్చోవాలో తెలియలేదు.

"తొమ్మిదేళ్లుగా ఇదేనా?"

"షెడ్డు బందైనంక గీడ చేరిన. ఒక్కనికి ఒక్క గది. వాదనకు ఇద్దరు గావాలె. నువ్వు రాకపోతివి, నీ వంతు గూడ నేనే మాట్లాడిన." టీ గ్లాసు నా వైపు జరిపాడు. "నీ పక్షం దెబ్బతియ్యలే. మంచిగనే చెప్పిన. శానసార్లు నువ్వే గెలిచినవ్."

"నన్ను తిట్టి ఉండాల్సింది."

"పూర్వపక్షం ముగియంది తిట్టుడెట్ల? నియమం తప్పింది నువ్వు. నా మాట చెప్పకుండనే ఖండించినవ్."

పైన ఎక్కడో నీళ్లు అడిగారు. ఒక పంపు దానంతటది మొదలైంది. అతను లేచి, మీటరు సూది చూసి, రిజిస్టరులో రాసి, మళ్లీ కూర్చున్నాడు.

"శుక్రారం మీటింగట గదా. పిచ్చోడంటే తీసేస్తరు. పండుకునే రూం గూడ గీ కొలువుతోనే ఉన్నది." మామూలుగానే అన్నాడు. "గది ఇడిచిపెట్టు. ముందుగాల నా మాట చెప్పు."

దగ్గి, సర్దుకుని మొదలుపెట్టాను. "నేను మల్లేశాన్ని. నా పెండ్లాం సత్తెమ్మ సచ్చిపోయింది. ఆమె బతికున్నప్పుడు దినాం కాకులకు బువ్వ వెట్టేది. నేను నవ్వేటోన్ని. పదో దినం నేనే వెట్టిన. నమ్మి వెట్టలే. ఆమె ఇష్టాన్ని ఒక్కపారన్న..."

అప్పటిదాకా కళ్లు మూసుకుని విన్నవాడు చెయ్యెత్తాడు.

"యాస ఖరాబైంది. మాట సగమైంది."

"మిగతా సగం ఏవిటి?"

"నేను చెప్తె నా మాట అయితది. నువ్వు చెప్పాలె."

సాయంత్రం దాకా కూర్చున్నాను. మూడు రకాలుగా చెప్పాను. దుఃఖం, అలవాటు, బంధువుల ఒత్తిడి. ప్రతిసారీ "సగం" అన్నాడు. కోపంగా కాదు. పద్దెనిమిదేళ్లు ఇనుము చెక్కి, ఇంకో నూలుపోగంత తియ్యాలని చెప్పేవాడి ఓపికతో.

క్లబ్ హౌస్

శుక్రవారం పొద్దున ఇరవై మంది దాకా వచ్చారు. అధ్యక్షుడు నేరుగా అడిగాడు.

"దయ్యమా, మనిషా? ఒక్క మాటలో చెప్పండి సార్."

"ఇద్దరు మనుషులండి. ఒకరు మీ పంపు ఆపరేటర్ మల్లేశం. రెండోవాణ్ణి నేను."

"మీరు మొన్న కదా వచ్చింది?"

"నేను మొన్ననే వచ్చాను. నా వాదన ఎప్పుడో వచ్చింది. నేను రాకపోతే దాన్ని ఆయన మోశాడు." షెడ్డు సంగతి, నియమం సంగతి చెప్పాను. కొందరికి అర్థమైంది. అధ్యక్షుడికి కాలేదు.

"అంటే తనలో తనే మాట్లాడుకుంటున్నాడని ఒప్పుకుంటున్నారు. పిచ్చేగా?"

ఇక నా పాత నిప్పు రాజుకుంది. "అయ్యా, మొన్న మీ హైటెక్ సిటీలో వందమంది గోడలతో మాట్లాడటం చూశాను. వాళ్ల చెవిలో తెల్ల ముక్క ఉంది, ఈయనకి లేదు. అంతే తేడా. ఇంకొక తేడా కూడా ఉంది. వాళ్లు ఎదుటివాడు ఎప్పుడు ఆపుతాడా అని వింటున్నారు. ఈయన ఎదురుగా లేనివాడికి కూడా పూర్తిగా వంతు ఇచ్చాడు. మీలో ఎవరైనా పక్క ఫ్లాటు ఆయన మనసులో మాట, ఆయన ఒప్పుకునేలా, రెండు వాక్యాలు చెప్పండి. నేను ఈయన పిచ్చివాడని రాసి సంతకం పెడతాను."

అందరూ ఒకరి వైపొకరు చూసుకున్నారు. పక్క ఫ్లాటు ఆయన పేరు చాలామందికి తెలియదని ఆ చూపులే చెప్పాయి.

అధ్యక్షుడు గొంతు తగ్గించాడు. "సరే, ఉండనివ్వండి. షాఫ్ట్‌కి మాత్రం కింద రేకు మూత వేయిస్తాం. చప్పుడు రాకుండా."

అప్పుడు ప్రతాప్ లేచాడు. మెడ ఎర్రబడింది.

"మూత వద్దు సార్. ఈ సార్‌ను నేను పిలిచింది భయమై కాదు. ఏడాదిగా ఇంటాండా. రెండైతే అన్నీ మ్యూట్‌లో పెట్టి అక్కడ నిలబడతా. మొగోళ్లు ఇద్దరు పని గురించి కాకుండా మాట్లాడుకుండేది నేను దినమ్మీద ఇనేది అదొక్కటే. వాళ్లెవరో తెలుసుకుందామని పిలిచినా."

వెనక వరసలో ఏడో అంతస్తు ఆయన ఒకరు తల దించుకున్నారు. "నేనూ వింటున్నానండి" అని నేలతో చెప్పారు.

మూత వేశారు. మెజారిటీ మెజారిటీయే. మల్లేశం ఉద్యోగం నిలిచింది. నేను శనివారం బయల్దేరేటప్పుడు ప్రతాప్, ఏడో అంతస్తు ఆయన లిఫ్టులో కిందికి వెళ్తూ కనిపించారు, ఫ్లాస్కు పట్టుకుని. ఒకరికొకరు ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ అంకెలు మారడమే చూస్తున్నారు.

గేటు దగ్గర మెదక్ ఆయన నా పేరు కొట్టేస్తూ, "రిపేరైందా సార్?" అని అడిగాడు.

"సగం" అన్నాను.

బాపట్ల

ఇంటికొచ్చాక మధ్యాహ్నం రెండింటికి వరండాలో ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసుకున్నాను. సిగ్గుగానే ఉంది. మల్లేశంగా మొదలుపెట్టాను. మొదటి మూడు రోజులూ నా వ్యాసంలోని మల్లేశమే మాట్లాడాడు, నాకు అనువైనవాడు, తేలిగ్గా ఓడిపోయేవాడు. నాలుగో రోజు వాదన మానేసి, అతను నిలబడ్డట్టే లేచి నిలబడ్డాను. వెనక గోడ, గోడ మీద ముద్ద, ముందు రోడ్డు. అటే చూస్తూ నోరు తెరిచాను. నేను అనుకోని వాక్యం బయటికి వచ్చింది, అతని గొంతుతో, అతని యాసతో. ఆ యాస నాకెప్పుడూ అంత బాగా పట్టుబడలేదు.

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"ఎవరండీ వచ్చింది? కొత్త గొంతు వినిపిస్తోంది."

"మల్లేశం అండి" అన్నాను.

అతనికి ఫోన్ చేశాను. వెనక పంపు తిరుగుతోంది. ఇంకెవరో ఇద్దరు దేని గురించో కొట్లాడుకుంటున్నారు, ఒకరిది ప్రొద్దుటూరు యాస.

"చెప్పు బాపట్లా."

"నేను మల్లేశాన్ని" అన్నాను. "కాకి వస్తదని నిలవడలే. గా బస్టాపు దిక్కే చూసిన. బాపట్లోడు బస్సు దిగి వస్తడని చూసిన."

పంపు ఆగిపోయింది. అవతల ఆ ఇద్దరూ కూడా ఎందుకో ఆగారు.

"గదే నా మాట" అన్నాడు మల్లేశం. "ఇగ నీ వంతు. ఖండించు" అన్నాడు.

మా చర్చలన్నిటిలో మొదటిసారి, నా వంతు వదులుకున్నాను.